ఫిర్యాదు ఇచ్చాం సరే, ఎఫ్.ఐ.ఆర్. అయిందా?

శ్రోతలకు నమస్కారం.

సంతలో కూరగాయలు కొనుక్కుని తిరిగి వచ్చేసరికి చెట్టు కింద నిలిపిన మోటారు సైకిలు కనిపించలేదనుకోండి. ఆ బండి యజమాని నాలుగు వీధులూ వెతికి, తెలిసినవాళ్లను అడిగి, ఆ సాయంత్రమే పోలీసు స్టేషనుకు వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇచ్చారు. అక్కడి రైటరు దాన్ని తీసుకుని, "చూస్తాం, నాలుగు రోజులాగి రండి" అన్నారు. ఆయన నాలుగు రోజులాగి వెళ్లారు, మళ్లీ వారం ఆగి వెళ్లారు. నెల తిరిగాక బీమా కంపెనీవారు ఎఫ్.ఐ.ఆర్. నకలు తెమ్మన్నప్పుడు గాని, తాను ఇచ్చిన కాగితం ఇంకా అర్జీగానే పడి ఉందనీ, కేసు కట్టనే లేదనీ ఆయనకు తెలియలేదు. కోర్టు ఆవరణలో వకీళ్ల దగ్గరకు వచ్చేవారిలో చాలామంది మొదట చెప్పే మాట "కంప్లైంటు ఇచ్చామండీ, ఏమీ జరగలేదు" అనే. ఇచ్చారు సరే, ఎఫ్.ఐ.ఆర్. నంబరు ఎంత అని అడిగితే, జేబులోంచి మడతలు పెట్టిన అర్జీ నకలు తీసి చూపిస్తారు. ఈ రెండు కాగితాల మధ్య ఉన్న తేడా గురించే ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

అర్జీ అనేది మీరు రాసిన కాగితం. ఎఫ్.ఐ.ఆర్., అంటే ప్రథమ సమాచార నివేదిక, మీరు చెప్పిన సంగతిని పోలీసులు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించిన కాగితం. దానికి ఒక వరుస సంఖ్య, తేదీ, సమయం, వర్తించే సెక్షన్లు ఉంటాయి. ఆ కేసు సమాచారం మేజిస్ట్రేటు కోర్టుకు వెళుతుంది. అలా వెళ్లిన తరువాత ఆ కేసును స్టేషనులోనే చాప కింద పెట్టి మరచిపోవడానికి వీలుండదు; అభియోగ పత్రం వేసినా, నేరం రుజువు కాలేదని మూసివేయాలనుకున్నా, ఆ మాట కోర్టుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఉత్త అర్జీకి ఈ బలం లేదు. స్టేషను ముద్ర వేసి ఇచ్చిన రసీదు కూడా మీరు వచ్చి కాగితం ఇచ్చారనడానికి సాక్ష్యమే తప్ప, కేసు నమోదైందనడానికి సాక్ష్యం కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. పాత చట్టంలో 154వ సెక్షనుగా ఉన్న నిబంధన ఈ కొత్త చట్టంలో 173వ సెక్షను అయింది. దాని ప్రకారం, వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, అంటే కాగ్నిజబుల్ నేరం జరిగిందని ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు స్టేషను అధికారి దాన్ని నమోదు చేయాలి. రాయడం రానివారు నోటితో చెప్పవచ్చు. అప్పుడు దాన్ని రాతలో పెట్టవలసిన బాధ్యత పోలీసులదే. రాసిన తరువాత చెప్పినవారికి చదివి వినిపించి, ఆపైన సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చదివి వినిపించకుండా సంతకం పెట్టమంటే, "ఒక్కసారి చదవండయ్యా" అని అడగడం మర్యాద తప్పడం ఏమీ కాదు. చట్టం చెప్పినదే మీరూ అడుగుతున్నారు. నమోదు పూర్తయిన వెంటనే ఎఫ్.ఐ.ఆర్. నకలును ఫిర్యాదు ఇచ్చినవారికి గాని బాధితులకు గాని ఉచితంగా ఇవ్వాలి. జిరాక్సు డబ్బులని గాని, తెల్లకాగితాల కట్ట అని గాని దీని కోసం మీరు ఏమీ ఇవ్వవలసిన పని లేదు.

"ముందు విచారించి, నిజమైతే కేసు కడతాం" అనే మాట చాలా స్టేషన్లలో వినిపిస్తుంది. 2008లో ఉత్తరప్రదేశ్‌లో తన మైనరు కుమార్తెను ఎవరో ఎత్తుకుపోయారని మొరపెట్టుకున్న ఒక తండ్రికి ఎదురైన అనుభవం చివరకు సుప్రీం కోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వెళ్లింది. లలితా కుమారి కేసుగా పేరు పొందిన ఆ వ్యాజ్యంలో 2013 నవంబరు 12న ధర్మాసనం తీర్పు చెబుతూ, వచ్చిన సమాచారంలో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అనీ, ఆ సమాచారం నిజమా అబద్ధమా అని తేల్చడం ఆ దశలో పోలీసుల పని కాదనీ స్పష్టం చేసింది. నిజానిజాలు తేల్చడానికే కదా దర్యాప్తు ఉన్నది. దర్యాప్తు మొదలుపెట్టడానికే ముందు నిజం రుజువు కావాలంటే, దెబ్బ తిన్నవాడే డిటెక్టివు పని కూడా చేసుకుని రావలసి ఉంటుంది.

దీనికి కొన్ని మినహాయింపులు ఉన్న మాట నిజమే. భార్యాభర్తల వివాదాలు, వ్యాపార లావాదేవీలకు సంబంధించిన ఆరోపణలు, వైద్యంలో నిర్లక్ష్యం, అవినీతి ఆరోపణలు, ఎంతో ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదులు వంటి వాటిలో ప్రాథమిక విచారణ జరపవచ్చని అదే తీర్పు చెప్పింది. కొత్త చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లి, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో డి.ఎస్.పి. అనుమతి తీసుకుని 14 రోజుల లోపల ప్రాథమిక విచారణ ముగించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. నా ఉద్దేశంలో ఈ వెసులుబాటు విషయంలో ప్రజలు జాగ్రత్తగా ఉండాలి. మీ ఫిర్యాదు ప్రాథమిక విచారణలో ఉందని చెబితే, డి.ఎస్.పి. అనుమతి ఏ తేదీన తీసుకున్నారో, 14 రోజులు ఎప్పటికి పూర్తవుతాయో అడిగి రాసుకోండి. అయితే షెడ్యూల్డు కులాలు, తెగల వారిపై అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు ప్రాథమిక విచారణ అవసరమే లేదని 2018 సవరణ చెబుతోంది. తప్పిపోయిన పిల్లల విషయంలోనూ అంతే. ఎత్తుకుపోయి ఉంటారన్న భావనతోనే వెంటనే కేసు కట్టాలని సుప్రీం కోర్టు 2013 మే నెలలో ఆదేశించింది. "ఒక రోజు చూడండి, వాడే వస్తాడు" అనే మాటకు అక్కడ తావు లేదు.

ఇక, "ఇది మా పరిధి కాదు" అనే మాట. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరాన్ని తెలుగువారెవరూ మరచిపోలేదు. ఆ రాత్రి కుటుంబసభ్యులు ఆదుర్దాగా వెళితే పరిధి పేరుతో జాప్యం చేశారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండు చేశారు. నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనుకు వెళ్లినా నమోదు చేసుకోవాలన్న నియమాన్నే మనం జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నాం. మీరు వెళ్లిన స్టేషనులో సున్నా సంఖ్యతో నమోదు చేసి, పరిధి ఉన్న స్టేషనుకు పంపుతారు. అక్కడ దానికి సొంత నంబరు పడుతుంది. ఇదివరకు ఇది సర్క్యులర్లలోనూ తీర్పులలోనూ ఉండేది. "నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా" అన్న అర్థం వచ్చే మాట ఇప్పుడు 173వ సెక్షనులోనే చేరింది. రైలులో సంచి పోగొట్టుకున్నవారికీ, పొరుగూరి సంతలో దెబ్బలు తిన్నవారికీ ఇది పనికి వస్తుంది. అత్తవారింట హింస భరించలేక పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్ల మళ్లీ ఆ ఊరికే వెళ్లి కేసు పెట్టనవసరం లేదని, తలదాచుకున్న చోటనే పెట్టవచ్చునని సుప్రీం కోర్టు 2019 ఏప్రిల్‌లో చెప్పింది. బెంగుళూరులోనో ముంబయిలోనో కాపురం ఉండి, కన్నీళ్లతో కరీంనగర్‌కో కర్నూలుకో తిరిగి వచ్చిన అమ్మాయిలకు ఈ తీర్పు గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

స్త్రీల విషయంలో ఇంకో రెండు మాటలు. లైంగిక నేరాలకు గురైన స్త్రీ ఫిర్యాదును మహిళా పోలీసు అధికారి గాని, మరో మహిళా అధికారి గాని నమోదు చేయాలి. అత్యాచారం, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి తీవ్ర నేరాల సమాచారం ఇచ్చినా నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి, పాత శిక్షాస్మృతి (ఐ.పి.సి.) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 199వ సెక్షను కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, జరిమానా పడవచ్చు. స్టేషనులో పెద్దమనుషులను కూర్చోబెట్టి రాజీ చేయిస్తామనే మాట ఇటువంటి నేరాలలో వినవలసిన మాట కాదు.

అయితే ప్రతి గొడవకూ ఎఫ్.ఐ.ఆర్. ఉండదని కూడా చెప్పాలి. నోటిమాటల తగాదా, పరువు నష్టం, పెద్దగా గాయం కాని కొట్లాట వంటివి నాన్ కాగ్నిజబుల్ కిందకు వస్తాయి. వాటిని పోలీసులు ఒక పుస్తకంలో నమోదు చేసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లమంటారు. గట్టు తగాదా, అప్పు తీర్చని మనిషి, ఖాళీ చేయని అద్దెదారు వంటివి సివిలు కోర్టు సంగతులు. వాటిని స్టేషనులో తేల్చుకోవాలని వెళితే న్యాయం దొరకకపోగా, ఎదుటివాడికి కొత్త పగ పుడుతుంది. పదో తరగతి సర్టిఫికెటు పోయినా, పొలం కాగితాలు పోయినా కావలసింది ఎఫ్.ఐ.ఆర్. కాదు, వెతికినా దొరకలేదని పోలీసులు ఇచ్చే నాన్ ట్రేసబుల్ సర్టిఫికెటు.

ఫిర్యాదు ఎలా రాయాలన్నది చాలామందిని భయపెట్టే విషయం. దానికి లాయరు భాష అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు, సెక్షన్లు రాయవలసిన పని లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎవరు చూశారు, ఏం పోయింది అన్నవి మీరు మాట్లాడుకునే తెలుగులోనే, వరుసగా రాస్తే చాలు. చేసినవారి పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. అనుమానాన్ని అనుమానంగానే రాయాలి గాని, చూసినట్లు రాయకూడదు. తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇవ్వడం కూడా శిక్షార్హమే. ఆలస్యంగా వెళితే ఆ ఆలస్యానికి కారణం మొదటి కాగితంలోనే రాయడం ఎంతో ముఖ్యం. ఆస్పత్రిలో ఉన్నామనో, భయపడ్డామనో, ఇంట్లో పెద్దలు వద్దన్నారనో ఉన్నదున్నట్లు రాయండి. ఆ వాక్యం లేకపోతే, కోర్టులో ముద్దాయి తరఫు వకీలు మొదట పట్టుకునేది ఆ ఖాళీనే. ఫోను సందేశం, ఇ-మెయిలు వంటి మార్గాల ద్వారా కూడా ఇప్పుడు సమాచారం ఇవ్వవచ్చు. కాని మూడు రోజుల లోపల వెళ్లి సంతకం చేయాలి.

బండి పోయినవారికి ప్రత్యేకంగా ఒక మాట. దొంగతనం తెలిసిన వెంటనే ఎఫ్.ఐ.ఆర్. అయి ఉంటే, బీమా కంపెనీకి కబురు చేయడంలో ఆలస్యం జరిగిందన్న ఒక్క కారణంతో పరిహారాన్ని తిరస్కరించకూడదని సుప్రీం కోర్టు 2020 జనవరిలో తీర్పు ఇచ్చింది. ఆ రోజే ఎఫ్.ఐ.ఆర్. నకలు చేతిలో ఉంటే ఎంత మేలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతా చెప్పినా స్టేషనులో కేసు కట్టకపోతే ఏం చేయాలి? వాదనకు దిగవద్దు. అదే ఫిర్యాదును, ఏ తేదీన ఏ స్టేషనులో ఇచ్చారో చేర్చి, జిల్లా ఎస్.పి. గారికి స్పీడ్ పోస్టులో పంపి, తపాలా రసీదును దాచుకోండి. కమిషనరేటు ఉన్న నగరాలలో కమిషనరు కార్యాలయానికి పంపాలి. అప్పటికీ కదలిక లేకపోతే, ఆ రసీదులన్నీ జోడించి, ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయాలి. పరిశీలించి, పోలీసుల మాట కూడా విన్న తరువాత, దర్యాప్తు చేయమని మేజిస్ట్రేటు ఆదేశించగలరు. చాలామంది నేరుగా హైకోర్టుకు వెళ్లాలనుకుని ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టుకుంటారు. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కోసం ముందు మేజిస్ట్రేటు దగ్గరకే వెళ్లాలని సుప్రీం కోర్టు 2007లోనే చెప్పింది.

ఈ దరఖాస్తుకు వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు, మీ దగ్గరి కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవా కమిటీకి గాని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గాని వెళ్లండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పరిశ్రమలలో పనిచేసే కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఎఫ్.ఐ.ఆర్. అయిన తరువాత కూడా ఫిర్యాదు ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపల వారికి తెలియజేయాలని నాగరిక్ సురక్షా సంహితలోని 193వ సెక్షను చెబుతోంది. నకలు మీద ఉన్న తేదీ నుంచి 90 రోజులు లెక్క వేసి, ఇంట్లో గోడ మీద ఉన్న క్యాలెండరులో ఆ రోజు చుట్టూ ఒక గీత గీసి పెట్టుకోండి. ఆనాటికి కబురు రాకపోతే, ఎఫ్.ఐ.ఆర్. నంబరు వేసి, ఆ సంగతే అడుగుతూ స్టేషనుకు ఒక ఉత్తరం రాయండి.

సెలవు. నమస్కారం.