తండ్రి నోటు, కొడుకు సంతకం

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో లాయరు మైకు పట్టుకుంటే జనం లేచిపోతారని కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. అందుకే సెక్షన్లు తక్కువ చెబుతాను.

ఈరోజు నా విషయం మగవాడి పరువు. ఆ మాట అనగానే అందరి ఆలోచనా కులాంతర పెళ్లిళ్ల మీదికి పోతుంది. సివిల్ కోర్టులో తిరిగే నాకు అది ప్రామిసరీ నోటులో కనిపిస్తుంది.

పెదకర్మ రోజు చూడండి. షామియానా కింద రెండో బంతి నడుస్తుంటుంది. గుండు చేయించుకున్న కొడుకుని ఇద్దరు పెద్దమనుషులు పక్కకు పిలుస్తారు. తండ్రి రాసిచ్చిన నోటుకు మూడేళ్ల గడువు నిండబోతోంది, తిరగరాయాలి. "మీ నాన్న ఏనాడూ ఒకరి చేత మాట పడలేదురా అబ్బాయ్" అంటాడు బాబాయి. అంతే, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పడిపోతుంది. అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు.

ఆ సంతకం పెట్టాల్సిన పని అతనికి లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న శాస్త్రాన్ని పట్టుకుని కోర్టులు చాలాకాలం డిక్రీలిచ్చిన మాట నిజమే. (ఆ శాస్త్రం కూడా జూదానికీ తాగుడికీ చేసిన అప్పుని కొడుకు నెత్తిన పెట్టలేదు. మన బాబాయిలు ఆ తేడా కూడా చూడరు.) 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ, ఆ తర్వాత చేసిన అప్పులకు ఆ నియమాన్ని తీసేసింది. ఇప్పుడు తండ్రి ఆస్తి ఎంత చేతికొచ్చిందో అంతవరకే బాధ్యత. తనే కొత్త నోటు రాసిచ్చాడా, రేపు దావా నేరుగా అతని మీదే.

అదే సవరణ కూతురికీ పుట్టుకతో సమాన హక్కు ఇచ్చింది. అయినా నోటు మీద చెల్లెలి సంతకం అడిగినవాణ్ని నేను చూడలేదు. ఆమెను అడిగేది తర్వాత, రిజిస్ట్రారు ఆఫీసులో, హక్కు వదులుకుంటున్నానని. అక్కడ పెడితే ఆమె మంచి ఆడపడుచు. ఇక్కడ పెడితే ఇతను తండ్రి పేరు నిలబెట్టిన కొడుకు.

అప్పు పీకల మీదికొచ్చాక కూడా దారుంది. 1920 నాటి దివాలా చట్టం కింద ఐపీ, అంటే దివాలా పిటిషను, పెట్టుకోవచ్చు. ఆస్తులు బినామీల పేర రాసి ఐపీ పెట్టిన ఘనులు దానికి చెడ్డపేరు తెచ్చారు, కాదనను. నిజంగా చితికినవాడు మాత్రం ఆ గుమ్మం ఎక్కడు. ఒకాయన నాతో అన్న మాట: "జైలుకి పంపినా పర్లేదు సార్, నోటీసు మాత్రం మా ఊళ్లోవాళ్లకి వెళ్లకూడదు." కట్టే స్తోమత లేనివాణ్ని ఉత్త అప్పు కోసం జైల్లో పెట్టకూడదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని వివరించాను. వంట గిన్నెలు, పక్కబట్టలు, రైతు నాగలి, విత్తనాలు, భార్య మంగళసూత్రం జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉందనీ చెప్పాను. ఆయన భార్య తలొంచుకుంది. కోర్టు ముట్టుకోకూడని పుస్తెలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి, ఒక నోటు మీద వడ్డీ కట్టడానికి.

ఆయన ఐపీ పెట్టలేదు. ఉన్న ఎకరం అమ్మి ముగ్గురికి కట్టాడు, మిగతావాళ్లకి మళ్లీ నోట్లు రాసిచ్చాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఇంట్లో పాత నోట్లున్నవాళ్లు సభయ్యాక కలవండి, ఫీజు తీసుకోను. తిరగరాసేముందు మాత్రం తెండి.