మిలిటరీ ఆయనకేం రంది?

నమస్తే. రిటైరై ఊరికొచ్చిన జవాన్ నాలుగు రోజులు ఎవరితో మాట్లాడకపోతే మన నల్లగొండ దిక్కు ఒక మాట అంటారు. "ఆయనకేం రంది? పెన్షన్ వస్తది, క్యాంటీన్ కార్డుంది, తుపాకీ పట్టిన మనిషి." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అట్లాంటి మనిషికీ చచ్చిపోవాలన్న ఆలోచన రావచ్చు, ఈరోజు మాట దాని గురించే.

బోరు మోటారు సంగతి దేవరకొండ వాళ్లకు నేను చెప్పాలా? నీళ్లు అడుగంటినా కరెంటు ఉన్నంతసేపు మోటారు తిరుగుతూనే ఉంటుంది. స్టార్టర్ డబ్బా మీద లైటు వెలుగుతుంది. దూరం నుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. దగ్గరికెళ్లి ఆంపియర్ మీటర్ చూసినవాడికే తెలుస్తుంది, కింద మోటారు ఉత్తగా తిరిగి వేడెక్కుతోందని. రిటైరైన జవాను సంగతీ అంతే.

సిపాయిగా చేరినవాళ్లలో చాలామంది నలభై దాటకముందే బయటికొస్తారు. తెల్లారుజామున లేవడం, గడ్డం గీసుకోవడం, బూట్లు తుడవడం, అన్నీ కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్ పెట్టినట్టు నడుస్తుంటాయి. అది చూసి బాగున్నాడనుకుంటాం. కలిసి తిన్న పటాలం ఇప్పుడు లేదు. సెలవుల్లో మాత్రమే చూసిన ఇంట్లో ఏ పని తనదో తెలియదు. దొరికిన కొలువు బ్యాంకు ముందు సెక్యూరిటీ డ్యూటీ.

ఇంకో అపోహ ఉంది. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే అంటారు, చదువుకున్నవాళ్లు కూడా. మీటర్ చూస్తే మోటారు కాలిపోతుందా? అడిగినందువల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. "అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగాక నీతులు చెప్పకండి, వినండి. ఔననిపిస్తే ఒంటరిగా వదలకండి.

మోటారు కాలకుండా ముందే రిలే పెట్టిస్తాం కదా, మనిషికీ అలాంటిది ఉంది. పేరు సేఫ్టీ ప్లాన్. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, ఆత్మహత్య ఆలోచనలతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లతో కూర్చుని ఒక కాగితం రాయించారు. ఇంటికెళ్లాక ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు. 2018లో వచ్చిన ఫలితం: మామూలు వైద్యం అందినవాళ్లతో పోలిస్తే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి దాదాపు 45 శాతం తక్కువ. ఖరీదైన మందు కాదు, కాగితం, ఫోను! డిశ్చార్జ్ తర్వాతి రోజులే ఎక్కువ ప్రమాదం. మనమేమో బిల్లు కట్టి ఆటో ఎక్కిస్తే పని అయిపోయిందనుకుంటాం. పెన్షన్‌కి ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడుగుతారు, బతికున్నాడా అని. ఎలా ఉన్నాడని కూడా అప్పుడే అడిగితే ఏం పోతుంది?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కాగితంలో రాయాల్సినవి: బాధ ముదిరే ముందు నాలో కనిపించే గుర్తులు, ఒక్కడినే చేసుకోగల పని, మనసు మళ్లే చోటు, ఫోన్ చేయదగ్గ పాత దోస్తు, డాక్టరు. చివరిది, ఇంట్లో పురుగుమందు కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర తాళంలో ఉండాలి, లైసెన్సు తుపాకీ పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో ఉండాలి. ఆ ఘడియ దాటితే చాలామంది బతుకుతారు.

(స్క్రీన్ మీద: 14416)

ఇది టెలి మానస్, మానసిక బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సైన్యం వాళ్ల కోసం 2023 డిసెంబరులో పుణెలో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డుంటే దాని పాలీక్లినిక్ నుంచి మానసిక వైద్యుడికి రిఫర్ చేయించుకోవచ్చు. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లకు ఒక్క మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి, వేరేలా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష వేయరు. ఆ మనిషికి వైద్యం ఇప్పించడం ప్రభుత్వ బాధ్యత. కాబట్టి ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పండి.