పల్లేరుకాయల డబ్బా

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే డంబెల్స్ పక్కన పెట్టి కుర్చీల్లో కూర్చున్నారు, సంతోషం. ఈ దిల్‌సుఖ్‌నగర్ జిమ్ యజమాని నాకు ఫోను చేసి, "డాక్టరు గారూ, మగ హార్మోను టెస్టోస్టెరాన్‌ను పెంచుతాయని అమ్మే బూస్టర్ల గురించి కాస్త చెప్పండి, కుర్రాళ్లు నా మాట వినడం లేదు" అన్నారు. నా మాట వింటారన్న నమ్మకం నాకూ పెద్దగా లేదు. అందుకే మాటలతో పాటు ఒక డబ్బా కూడా తెచ్చాను.

ఇది ఇక్కడికి దగ్గరలోనే కొన్నాను. రెండు వేల ఎనిమిది వందలు. ముందు వైపు గర్జిస్తున్న సింహం. వెనక వైపు అక్షరాలు చీమ తలకాయలంత ఉంటే ఫోను కెమెరాతో పెద్దవి చేసి చదివాను. మొదటి పేరు ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. రోమన్ యోధుడి పేరులా ఉంది కదూ? మన పల్లేరుకాయే! పొలం గట్టు మీద ఉత్త కాళ్లతో నడిచినవారికి దాని బలం తెలుసు, కాకపోతే అది అరికాలికి తెలిసిన బలం. తర్వాత అశ్వగంధ, అంటే పెన్నేరు గడ్డ. ఆ తర్వాత మెంతుల సారం, చివర జింకు.

వ్యాయామం చేసే ఆరోగ్యవంతులకు పల్లేరు ఇచ్చి చూసిన పరీక్షల్లో టెస్టోస్టెరాన్ చెప్పుకోదగినంత పెరగలేదు. జింకు లోపం ఉన్నవారికి జింకు ఉపయోగపడుతుంది, లేనివారికి అదనపు లాభం లేదు. అశ్వగంధతో కొన్ని చిన్న పరీక్షల్లో కొద్దిపాటి పెరుగుదల కనిపించింది, నిజమే. దానితో కాలేయం దెబ్బతిన్నవారి వివరాలు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. మెంతుల మాటకొస్తే, అవి మీ వంటింటి పోపుల డబ్బాలోనే ఉన్నాయి.

ఇలాంటి డబ్బా పనిచేయకపోతే చాలామందికి పోయేది డబ్బులే. నాకు భయం వేసేది పనిచేసే డబ్బాను చూస్తే. నెల రోజుల్లో భుజాలు ఉబ్బి, ముఖం నిండా మొటిమలు వచ్చాయంటే అందులో పల్లేరు కాక ఇంకేదో ఉన్నట్టు అనుమానించాలి. 2000-01లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే, వాటిలో 94 డబ్బాల్లో లేబుల్ మీద లేని, టెస్టోస్టెరాన్ జాతి స్టెరాయిడ్లు దొరికాయి. పోటీల్లో ఆడేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. "డబ్బా మీద రాయలేదండీ" అన్నంత మాత్రాన డోపింగ్ కేసు పోదు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే పూచీ.

లోపల జరిగేది చెబుతాను. మన మేడ మీద నీళ్ల ట్యాంకు, కింద మోటారు, రెంటికీ మధ్య ఆటోమేటిక్ స్విచ్చి ఉంటాయి. ట్యాంకు నిండితే మోటారు ఆగుతుంది. మెదడులోని పీయూష గ్రంథి ఆ స్విచ్చి, వృషణాలు మోటారు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించడమంటే వీధిలోకి ట్యాంకరు పిలిపించి నింపడమే. ట్యాంకు నిండుగానే ఉంది కదా అని స్విచ్చి మోటారును ఆపేస్తుంది. నెలల తరబడి తిరగని మోటారు ఏమవుతుందో వేసవిలో ఊరెళ్లి వచ్చినవారికి నేను చెప్పనక్కర్లేదు. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. మిగులు హార్మోనులో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి, కొందరు మగవారికి రొమ్ములు పెరుగుతాయి. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం మందమవుతుంది. కండ పెరగాలని కోరుకుంటాం గానీ గుండెకు కాదు కదా!

ఆ మధ్య ఒకబ్బాయి భార్యతో కలిసి వచ్చాడు. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు లేరు. వీర్య పరీక్షలో ఒక్క కణం కూడా లేదు. మందులేమైనా వాడావా అంటే లేదన్నాడు. ఆమె చేతిసంచిలోంచి చెప్పుల పెట్టె తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు ఖాళీ సీసాలు. "హెర్బల్ అని చెప్పారు సార్" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. అన్నీ ఆపించాక కణాలు మళ్లీ కనిపించడానికి ఏడాది దాటింది. అందరికీ అలా తిరిగి వస్తాయని హామీ ఇవ్వలేను.

నిజంగా నీరసం, కోరిక తగ్గడం వంటివి ఉంటే రక్త పరీక్ష చేయించుకోండి. ఉదయం పూట, పరగడుపున ఇవ్వాలి, సాయంత్రానికి ఈ హార్మోను సహజంగానే తగ్గుతుంది. ఒక్కసారి తక్కువ వస్తే కంగారు పడకండి, మరో రోజు మళ్లీ చేయించాలి. రాత్రి రెండింటి దాకా ఫోను చూసి, పొద్దున ఆరింటికి జిమ్‌కి వచ్చేవారు మాత్రం పరీక్షకు ముందు వారం రోజులు సరిగ్గా నిద్రపోయి చూడండి.

డబ్బా ఈ బల్ల మీదే ఉంచుతున్నాను. వెనక వైపు చదవాలనుకునేవారు ఫోను తెచ్చుకోండి, ఉత్త కళ్లకు ఆనదు. ఇక అడగండి.