కూలిపోయిన కంప్యూటర్ల వార్తలే నాకిష్టం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, మొదటి రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో మొదటి వరస ముఖ్య అతిథులకని వదిలేస్తారు. ఇవాళ ముఖ్య అతిథిని నేనే అంటున్నారు, నేనెలాగూ నిలబడే ఉంటాను.

మీ కంప్యూటర్ క్లబ్ వాళ్లు ఫోన్ చేసి, "సార్, టెక్నాలజీ వార్తల మీద ఏదైనా మాట్లాడండి, కానీ బోరు కొట్టకూడదు" అన్నారు. నేను పరిశోధకుణ్ణి కాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి భోజనం అయ్యాక మళ్లీ అదే లోకం. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. గీక్ అనే మాటకి తెలుగేమిటని ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను. సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి, పావురాల పిచ్చి ఉన్నట్టే ఇదీ ఒకటి. ఆ మాటలో కాస్త తిట్టు ఉంది, కాస్త మురిపెమూ ఉంది. రెండూ నాకు సమ్మతమే.

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. కొత్త ఫోన్ విడుదల, కొత్త చిప్ విడుదల, ఇలాంటి వార్తలు నాకు పెద్దగా ఎక్కవు. ఇప్పుడు రోజుకొక ఏఐ మోడల్ వస్తోంది. ఫలానా పరీక్షలో ఇన్ని మార్కులు, ఫలానా దాంట్లో మొదటి ర్యాంకు అంటారు. అది చదువుతుంటే నాకు ఎంసెట్ ఫలితాల మర్నాడు టీవీలో వచ్చే కాలేజీల ప్రకటనలే గుర్తొస్తాయి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు... అందరికీ ఫస్టు ర్యాంకే! నాకు ఆసక్తి ఉండేది కూలిపోయిన వార్తల్లో. బండి బాగా నడిచినంత కాలం సీటు కింద ఏముందో మనకి తెలియదు. అది రోడ్డు మధ్యలో ఆగిపోయి, మెకానిక్ వచ్చి మొత్తం విప్పినప్పుడు పక్కన నిలబడి చూస్తాం చూడండి, ఆ చూడటం నాకిష్టం.

అలాంటి వార్తల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మన అక్షరం గురించిందే. 2018 ఫిబ్రవరి. ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న రోజులు. ఎవరైనా మీకు మెసేజ్‌లో ఒక తెలుగు అక్షరం పంపితే ఆ యాప్ అక్కడికక్కడే మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే అక్షరాన్ని చూపించబోయి మళ్లీ పడిపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా ఘోరం, ఫోన్ హోమ్ స్క్రీనే కూలిపోయేది. ఆ అక్షరం ఏదనుకున్నారు? జ్ఞా. జ్ఞానంలో మొదటి అక్షరం! జ్ఞానం తగిలితే వెయ్యి డాలర్ల ఫోన్ కూడా తట్టుకోలేకపోయిందని అప్పట్లో మా ఆఫీసులో ఒకటే జోకులు. మనవాళ్లం మాత్రం తక్కువ తిన్నామా? దాన్ని గ్నానం అని పలికి మనమూ తప్పించుకుంటూనే ఉన్నాం కదా.

ఇంగ్లిష్ పత్రికల్లో "ఒకే ఒక్క అక్షరం" అని రాశారు. నిజానికి అది ఒక్కటి కాదు, అక్కడే ఉంది అసలు తమాషా. మనకి జ్ఞా ఒక అక్షరంగా కనిపిస్తుంది కానీ, ప్రపంచ భాషల అక్షరాలకి కంప్యూటర్ కోసం నంబర్లిచ్చే పద్ధతి అయిన యూనికోడ్‌లో అది వరసగా నాలుగు సంకేతాలు: జ, పొల్లు, కింద ఒత్తుగా మారే ఞ, ఆ పైన దీర్ఘం. వీటిని కలిపి ఒక బొమ్మగా గీయటం ఫోన్ పని. ఫోన్లని పడగొట్టిన వరసలో ఇవి కాక ఐదోది ఒకటి ఉంది, ఞకీ దీర్ఘానికీ మధ్య. కంటికి కనిపించదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అంటే వెడల్పు లేదు, రూపం లేదు, "ఈ రెండిటినీ కలపొద్దు" అని చెప్పటం ఒక్కటే దాని ఉద్యోగం.

ఇదేదో అక్కరలేని సరుకు అనుకునేరు. తెలుగులో సాఫ్ట్‌వేర్ అని రాసి చూడండి. ట పొల్లు పక్కన వే రాగానే కంప్యూటర్ దాన్ని ఒత్తుగా మార్చి సాఫ్ట్వేర్ అని అంటించేస్తుంది. అలా అంటుకోకుండా మధ్యలో నిలబడేది ఈ కనిపించని జీవే. తెలుగులో కంప్యూటర్ గురించి రాసేవాళ్లకి ఇది లేనిదే రోజు గడవదు. అయితే ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య దీన్ని ఎవరూ మామూలుగా టైపు చెయ్యరు. అక్కడ ఎలా దూరిందో గానీ, ఆపిల్ వాళ్ల అక్షరాలు గీసే కోడ్ దాన్ని చూసి తల తిరిగి పడిపోయింది. తర్వాత కొందరు కూర్చుని తవ్వితే బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇలాంటి వరసలతో ఫోన్ పడుతోందని తేలింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

ఈ వార్త చదివిన రాత్రే నేను మొదటిసారి మన అక్షరాలు తెరమీదికి ఎలా వస్తాయో సరిగ్గా చదివాను. అంతకుముందు పదిహేనేళ్లుగా తెలుగులో టైపు చేస్తున్నాను, ఒక్కసారైనా ఆ ఆలోచన రాలేదు. యూనికోడ్‌లో తెలుగుకి 128 గదులున్న ఒక వరస ఇచ్చారు. అందులో క్ష లేదు, జ్ఞ లేదు, స్త్రీ లేదు. అవన్నీ అప్పటికప్పుడు వంట చేసి వడ్డించాల్సినవే. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ వంట చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఎప్పుడైనా దాని పేరు విన్నారా? చేతులెత్తండి. ఇద్దరు... కాదు, ముగ్గురు. మీరు పొద్దున్నుంచి వాట్సాప్‌లో చదివిన తెలుగులో చాలా భాగం దాని చేతి మీదుగా వచ్చి ఉంటుంది.

పాత ఎస్సెమ్మెస్ రోజులు మీకు తెలియకపోవచ్చు. ఇంగ్లిష్‌లో అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు. అందులో ఒక్క తెలుగు అక్షరం పెట్టారా, మొత్తం మెసేజ్ 70కి కుదించుకుపోయేది. ఆ 70 కూడా మన లెక్కలో అక్షరాలు కాదు. జ్ఞా అంటే నాలుగు ఖర్చు. పండగ శుభాకాంక్షలు తెలుగులో పంపితే రెండు మెసేజ్‌ల డబ్బులు పోయేవి. మనవాళ్లందరికీ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే అలవాటు ఎందుకు పట్టుకుందో వెతికితే, ఒక కారణం ఇక్కడ కూడా దొరుకుతుంది.

సరే, మన భాష వదిలి బయటికి వెళ్దాం. 2024 జులై 19, శుక్రవారం. పొద్దున పదవుతుండగా మా ఆఫీసులో ఒక్కొక్క కంప్యూటరూ నీలం తెర వేసుకుని కూర్చుంది. సైబర్ దాడి అన్నారు, యుద్ధం అన్నారు. తీరా చూస్తే దొంగల్ని పట్టుకోవటానికి పెట్టుకున్న కాపలావాడే గుమ్మంలో అడ్డంగా పడిపోయాడు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న అప్‌డేట్ వచ్చింది. అందులోని నిబంధనల ఫైలు 21 విలువలు కావాలని అడిగింది, ఇచ్చే కోడ్ దగ్గర ఉన్నవి 20. ఇరవై ఒకటో దాని కోసం లేని చోట చెయ్యి పెట్టింది. మామూలు యాప్ అయితే అది ఒక్కటే మూసుకుపోయేది. ఇది విండోస్ గుండెకాయలో, అంటే కెర్నెల్‌లో నడుస్తుంది కాబట్టి మొత్తం యంత్రం పడిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు.

ఆ సంస్థ 78 నిమిషాల్లో ఆ ఫైలు వెనక్కి తీసుకుంది. ఏం లాభం? పడిపోయిన కంప్యూటర్ లేస్తే కదా కొత్త ఫైలు తెచ్చుకునేది! లేవగానే మళ్లీ పడుతుంది. చివరికి మనిషి వెళ్లి, ఒక్కొక్క కంప్యూటర్ ముందు కూర్చుని, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలు చేత్తో తుడిచెయ్యాలి. క్లౌడ్, ఆటోమేషన్ అని రోజూ చెప్పే మేమంతా ఆ రోజు కాగితాలు పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదికి తిరిగాం. హైదరాబాద్ విమానాశ్రయంలో కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి ఇండిగో వాళ్లు పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. నాకు ఆ ఫొటో చాలా నచ్చింది. రాత కూడా బాగుంది.

మీలో చాలామంది ఇలాంటి వార్త రాగానే మీమ్స్ పంచుకుని ఊరుకుంటారు. నేనూ పంచుకుంటాను, తప్పేం లేదు. నా గొడవల్లా ఆ తర్వాతే. రెండున్నర వారాల తర్వాత ఆ సంస్థే ఏం జరిగిందో వివరంగా నివేదిక పెట్టింది. ఈ 21, 20 లెక్క అందులోదే. మీమ్ చూసిన వందమందిలో ఆ నివేదిక తెరిచేవాళ్లు ఒకరో ఇద్దరో. పరీక్షల్లో నకలు కొట్టేవాడు కూడా పక్కవాడి పేపర్ కాస్త శ్రద్ధగా చదువుతాడు కదా!

పిచ్చి అన్నాను కదా, ఆ పిచ్చి పనికొచ్చిన కథ అదే ఏడాది మార్చిలో జరిగింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజనీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేస్తాడు. ఏవో వేగం కొలతలు తీసుకుంటుంటే తన లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికేది) కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్, అంటే దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి, అనుకున్నదానికంటే ఎక్కువ పని చేస్తోందనిపించింది. కొలిచాడు. 0.3 సెకను పట్టాల్సింది 0.8 పడుతోంది. తేడా అర సెకను. మనమైతే ఏమంటాం? "నెట్ స్లోగా ఉందిలే" అంటాం. ఆయన అనలేదు. ఎక్కడ పోతోంది ఈ అర సెకను అని దారం పట్టుకుని లాగుతూ వెళ్లాడు. అది వెళ్లి ఎక్స్‌జెడ్ అనే ఒక కుదింపు సాఫ్ట్‌వేర్‌లో తేలింది. ఫైళ్లు చిన్నవి చేసే పనిముట్టు, లాగిన్‌తో దానికి నేరుగా ఏ సంబంధమూ లేదు. దాని కొత్త వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. తాళంచెవి ఉన్న దొంగ, ఆ వెర్షన్ చేరిన ఏ సర్వర్‌లోకైనా నడిచి వెళ్లే దారి. మార్చి 29న ఆయన బయటపెట్టేటప్పటికి అది డెబియన్, ఫెడోరా అనే లినక్స్ రకాల ప్రయోగాత్మక వెర్షన్లలోకి వచ్చేసింది. ఇంకొన్ని నెలలు ఆగితే అందరూ వాడే వెర్షన్లలోకి దిగిపోయేది.

దొంగ ఎలా దూరాడో వినండి. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది లాసె కాలిన్ అనే ఒకే ఒక్క మనిషి. జీతం లేదు, సరదాకి మొదలుపెట్టిన పని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని గుర్తుపెట్టుకోమని 2022లో ఆయన మెయిల్‌లో రాశాడు కూడా. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, ఓపిగ్గా, మర్యాదగా, రెండేళ్లకు పైగా మంచి కోడ్ రాసి సాయం చేశారు. మరోపక్క ఇంకెవరో, ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకి అప్పగించరాదా అని కాలిన్‌ని పొడుస్తూ వచ్చారు. అలా పొడిచినవాళ్లలో ఒక పేరు జిగర్ కుమార్! అదీ దొంగ పేరేనని చాలామంది నమ్మకం. చివరికి ఆ సాఫ్ట్‌వేర్ విడుదల చేసే అధికారం చేతికొచ్చాక, పరీక్షల కోసం పెట్టే పాడైన ఫైళ్ల మధ్యలో ఆ దొంగదారి దాచారు. జియా టాన్ ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ అర సెకను దగ్గర చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ మెయిలే ఎక్కువ గుర్తుంటుంది. పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లు ఎన్నో కాలిన్ పని మీద నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి ఆయనకి సాయంగా నిలబడ్డవాడు మాత్రం దొంగే.

మన తెలుగు కూడా ఇలాంటి జీతం లేని మనుషుల మీదే కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు చేసుకున్నది. ఒకప్పుడు ఒక్కో పత్రిక వెబ్‌సైట్‌కి ఒక్కో ఫాంటు ఉండేది. అందులోది కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గీతలు వచ్చేవి. ఆ గీతల్ని యూనికోడ్‌గా మార్చటానికి ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే పొడిగింపు రాశారు. ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తే తెలుగు వచ్చే లేఖిని వీవెన్ గారు చేశారు. పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. వీటిలో ఏదీ ఏ పెద్ద కంపెనీ వేదిక మీద చప్పట్ల మధ్య విడుదల కాలేదు.

మరి నేనేం చేశాను అంటారా? నేను చేసిందల్లా పగలగొట్టటమే. 2004లో ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండి అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లేవాణ్ణి. గదికి నలుగురం, కంప్యూటర్ ఒకటే, అదీ నాది కాదు. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన లినక్స్ సీడీ పెట్టి, అడిగిన ప్రతి ప్రశ్నకీ సరే సరే అని నొక్కుతూ పోయాను. "మొత్తం డిస్క్ వాడమంటావా" అంటే దానికీ సరే అన్నాను. అరగంటలో లినక్స్ బ్రహ్మాండంగా వచ్చింది. కంప్యూటర్ సొంతదారు స్నానం చేసి వచ్చి చూసి, "ఒరేయ్, నా ఎంసీఏ ప్రాజెక్టు ఏదిరా?" అన్నాడు. పార్టిషన్, అంటే డిస్క్‌ని భాగాలు చెయ్యటం, ఏమిటో ఆ మధ్యాహ్నం నేర్చుకున్నాను. ప్రాజెక్టు పాత కాపీ ఒకటి ఫ్లాపీలో దొరికింది కాబట్టి సరిపోయింది. ఆరొందల పాటలు మాత్రం పోయాయి. ఇప్పటికీ కలిసినప్పుడల్లా బిల్లు నేనే కడతాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అయ్యాక ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడికి వస్తే ఒక వస్తువు చూపిస్తాను. ఈ సంచిలో ఒక పాత ఐఫోన్ ఉంది, ఐఓఎస్ 11.2.5, 2018 నుంచి అప్‌డేట్ చెయ్యకుండా దాచుకున్నాను. నోట్స్‌లో ఆ అక్షరం పెట్టి మీ కళ్లముందే పడగొడతాను. దాని నంబర్ మాత్రం ఎవరూ అడగొద్దు.