ఊరికి కాపలా ఎవరిని పెట్టాలి?

(విజయవాడలో కాలేజీ విద్యార్థుల గేమింగ్ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బెజవాడ ఎండల్లో, ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ఆడుకోవాల్సిన గేమ్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మీ అభిమానానికి దండం పెట్టాలి.

దండయాత్ర ఎలా చెయ్యాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గుర్రాలను ఎటు తిప్పాలి, ఏనుగులను ఎప్పుడు వదలాలి, అన్నీ చెబుతారు. గెలిచిన ఊళ్లో ఎవరిని వదిలి ముందుకు కదలాలన్నది మాత్రం పెద్దగా పట్టించుకోరు. నేను చూసినంతలో ‘రోమ్: టోటల్ వార్’లో రాజ్యాలు యుద్ధంలో ఓడి పోవడం తక్కువ, ఖజానా ఖాళీ అయి పోవడం ఎక్కువ. పది ఊళ్లు గెలుస్తాం. ఒక్కో ఊళ్లో మంచి మంచి దళాలు ఊరికే కూర్చుని జీతం తీసుకుంటుంటాయి. పదకొండో ఊరికి పంపడానికి సైన్యమూ ఉండదు, డబ్బూ ఉండదు.

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 2004లో వచ్చిన కంప్యూటర్ గేమ్. కథ క్రీ.పూ. 270లో మొదలవుతుంది, ఒక్కో టర్న్ ఆరు నెలలు. జూలీ, బ్రూటీ, స్కిపీ అనే మూడు రోమన్ కుటుంబాల్లో ఒకదాన్ని ఎంచుకుని రాజ్యం పెంచుకుంటూ పోవాలి.

ఊళ్లో ఉండే దళానికి రెండు పనులుంటాయి. లోపలి జనాన్ని అదుపులో ఉంచడం ఒకటి, బయటి శత్రువును ఆపడం ఇంకొకటి. ఈ రెంటికీ ఒకే రకం సైనికులు కావాలనుకోవడంలోనే డబ్బంతా పోతుంది.

ముందు లోపలి పని చూద్దాం. ఊరి శాంతిభద్రతలు లెక్కగట్టేటప్పుడు గేమ్ మీ సైనికుడి కత్తి చూడదు, కవచం చూడదు. జనాభాకి ఎంతమంది సైనికులున్నారన్నదే చూస్తుంది. దసరాలో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలైన్ల దగ్గర బందోబస్తు చూశారుగా. అక్కడ తాడు పట్టుకుని నిలబడటానికి మనుషులు కావాలి, కమాండోలు అక్కర్లేదు. గేమ్‌లో ఆ తాడు పట్టుకునేవాళ్లే పెజెంట్స్, అంటే మామూలు రైతుల దళం. యుద్ధంలో వాళ్లంత పనికిమాలిన దళం ఇంకోటి లేదు, గుర్రం కనిపిస్తే పరుగే. కానీ గేమ్ సెట్టింగుల్లో దళం సైజు ‘హ్యూజ్’లో పెట్టుకుంటే పెజెంట్స్ దళంలో 240 మంది ఉంటారు. రోమన్ కాలిబంట్లయిన హస్తాతి దళంలో 160 మందే. టర్న్‌కి ఖర్చు పెజెంట్స్‌కి 100 దేనారీలు (గేమ్‌లో డబ్బు), హస్తాతికి 170.

లెక్క వెయ్యండి. 480 మంది కావాలంటే మూడు హస్తాతి దళాలకు 510 దేనారీలు. అదే 480 మంది రెండు పెజెంట్స్ దళాల్లో 200కే వస్తారు. ఊరికి 310 మిగిలింది. పది ఊళ్లకు టర్న్‌కి 3,100. ఊరి కాపలాదారులైన టౌన్ వాచ్‌ని పెడితే గౌరవంగా ఉంటుంది కదా అంటారు కొందరు. ఖర్చు అదే 100, మనుషులు మాత్రం 160. గౌరవం కోసం ప్రతి దళానికీ 80 మందిని వదులుకోవడం నాకైతే మనసొప్పదు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. దళాన్ని తయారుచేసినప్పుడు అంతమంది ఆ ఊరి జనాభాలోంచి తగ్గుతారు. జనం కిక్కిరిసి మురికి పెరిగిపోయిన పెద్ద నగరంలో పెజెంట్స్‌ను తయారుచేసి, జనం లేక ఎదగని చిన్న ఊరికి పంపి, అక్కడ దళాన్ని రద్దు చేస్తే వాళ్లు ఆ ఊరి జనాభాలో కలిసిపోతారు. పెద్ద ఊరికి ఊపిరాడుతుంది, చిన్న ఊరు పెరుగుతుంది. ఇది మోసం అనేవాళ్లున్నారు. గేమ్ ఒప్పుకున్నది మోసమెలా అవుతుంది?

అలాగని జనం గొడవలన్నిటికీ మనుషులే మందు కాదు. ఊరు రాజధానికి దూరమైతే అసంతృప్తి, కొత్తగా గెలిచిన ఊరి సంస్కృతి వేరైతే అసంతృప్తి, శత్రు గూఢచారి దూరితే ఇంకొంత. దళానికి ప్రతి టర్న్‌కీ జీతమివ్వాలి, జనాన్ని శాంతపరిచే గుడికి ఒక్కసారి ఖర్చు పెడితే సరిపోతుంది. కాబట్టి దళాన్ని గుడి లేచేదాకా నిలబెట్టే ఏర్పాటుగా చూడండి. మీ గూఢచారినొకణ్ని ఊళ్లోనే ఉంచండి, శత్రువు మనిషిని పట్టుకోవడానికి పనికొస్తాడు. ముట్టడి రోజు మీ కోట తలుపులు తీసేది ఆ మనిషేనని మరిచిపోవద్దు.

ఇక సరిహద్దు ఊరు. ఇక్కడ తల లెక్క చాలదు. ముందు గోడ ఏ రకమో చూడండి. చెక్క కంచె అయితే దాని మీద సైనికులు నిలబడలేరు. తలుపు విరిగాక అసలు యుద్ధం వీధిలోనే. వీధిలో బల్లేలు పట్టే గ్రీకు హాప్లైట్లను మించినవాళ్లు లేరు. మైదానంలో వాళ్ల బలహీనత పక్కల నుంచి వచ్చే దెబ్బ. వీధిలో రెండు పక్కలా ఇళ్లే కాపు కాస్తాయి, బల్లేలు ఎదురుగా దించితే చాలు. రాతి గోడ కట్టాక కథ మారుతుంది. గోడ మీది ఇరుకు దారిలో ఆ బల్లేల వరుస కుదరదు, అక్కడ కత్తి పట్టే హస్తాతి, ప్రిన్సిపే దళాలు మేలు. వాళ్ల వెనక విలుకాళ్లుండాలి. డబ్బుంటే క్రీట్ విలుకాళ్లను కూలికి పెట్టుకోండి, ఇచ్చిన ప్రతి దేనారీకీ పనిచేస్తారు. గుర్రపు దళం ఒక్కటి చాలు, గోడలు కూల్చే యంత్రాల వాళ్ల మీదికి తలుపు తీసుకుని దూకడానికి.

మరి సరిహద్దులో పెజెంట్స్ అసలు వద్దా? ఉండాలి. ఊరి నడిమి చౌకును శత్రువు మూడు నిమిషాలు పట్టుకుంటే ఊరు పోయినట్టే. అయితే ఆ చౌకులో నిలబడ్డ దళం పారిపోదు, చివరి మనిషి దాకా కొట్లాడుతుంది. బయట గుర్రం చూసి పరుగెత్తే పెజెంట్సే అక్కడ చచ్చేదాకా కదలరు. వాళ్లు ఆపినంతసేపట్లో గోడ మీది విలుకాళ్లు దిగి రావచ్చు.

చరిత్రలోనూ ఇలా లెక్కపెట్టుకుని నిలబడ్డవాళ్లున్నారు. క్రీ.పూ. 429లో స్పార్టా పక్షం ప్లటేయా అనే గ్రీకు ఊరిని ముట్టడించింది. ఆ ఊరివాళ్లు పిల్లల్నీ ముసలివాళ్లనీ అప్పటికే ఏథెన్స్‌కు పంపేశారు. ఊళ్లో మిగిలింది 400 మంది ప్లటేయావాళ్లు, 80 మంది ఏథెన్స్‌వాళ్లు, వండి పెట్టడానికి 110 మంది ఆడవాళ్లు. అంతమందితోనే 427 దాకా ఊరు నిలిచింది, మధ్యలో ఒక చలికాలపు రాత్రి 200 మందికి పైగా శత్రువు గోడ దాటి తప్పించుకున్నారు కూడా. మన గేమ్ కాలానికి దగ్గరిది ఇంకోటుంది. క్రీ.పూ. 243లో అరాటస్ అనే గ్రీకు సేనాని కోరింత్ కొండకోటను పట్టుకుని అక్కడ 400 మంది హాప్లైట్లను, 50 కుక్కలను, వాటిని చూసుకునే 50 మందిని పెట్టాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. గేమ్‌లో రోమన్లకు కుక్కల దళం ఉంది, మనమేమో వాటిని దాడికే వాడతాం.

మన సంగతి అడుగుతారని తెలుసు. ఆంధ్రులకు గోడలూ బురుజులూ ఉన్న పట్టణాలు 30, కాల్బలం 1,00,000, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000 అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ లక్షమందిలో ఎందరు ఊళ్లకు కాపలా ఉండేవారో ఆయన చెప్పలేదు. ముప్పై కోటలకు లక్షమంది కాల్బలం, రెండు వేల గుర్రాలు! గేమ్ ఆడేవాళ్లకు ఈ పొందిక చూస్తే ముచ్చటేస్తుంది.

గేమ్ చూపించని భయం ఒకటుంది, కాపలావాడి భయం. గ్రీకు రాజు పిర్రస్ ఇటలీ మీదికి దండెత్తి వచ్చినప్పుడు, ఇటలీ దక్షిణ కొసన ఉన్న రెగియం ఊరివాళ్లు బెదిరి రోమ్‌ను దళం పంపమన్నారు. రోమ్ ఇటలీలోని కంపానియా ప్రాంతపు సైనికులను 4,000 మందిని పంపింది. కాపాడటానికొచ్చిన వాళ్లే ఊరివాళ్లలో కొందరిని చంపి, కొందరిని తరిమి, ఊరు సొంతం చేసుకున్నారు. చివరికి రోమ్ తన దళం మీదే ముట్టడి వేసి, ప్రాణాలతో దొరికిన 300 మందికి పైగా సైనికులను రోమ్ నగరానికి తెచ్చి, నగరం నడిబొడ్డున ఉన్న ఫోరంలో కొరడాలతో కొట్టించి తలలు నరికించింది. అది క్రీ.పూ. 270, మన గేమ్ మొదలయ్యే ఏడాదే! గేమ్‌లో ఇలాంటిది కావాలంటే శత్రు రాయబారి లంచమిచ్చి ఊరు కొనెయ్యడం ఒక్కటే ఉంది.

2013లో వచ్చిన ‘రోమ్ 2’ ఆడేవాళ్లకు ఈ తలనొప్పి చాలావరకు లేదు. ఊళ్లో కట్టిన భవనాలను బట్టి కాపలా దళం దానంతటదే వస్తుంది, జీతమూ ఇవ్వక్కర్లేదు. హాయిగా ఉంటుంది, కాకపోతే నాకు చప్పగా అనిపిస్తుంది. ఎంచుకునే పని పోయాక ఇంక ఆడేదేముంది?

ఇప్పుడు తెర మీద స్కిపీ కుటుంబంతో పాత గేమ్ తెరిచి పెట్టాను. మెస్సానా మీ చేతిలో ఉంది. దక్షిణాన సిరాక్యూస్‌లో గ్రీకులు, పడమర లిలిబేయంలో కార్తేజ్. ఖజానాలో ఉన్నది చూసుకుని, ఊళ్లో ఎవరిని వదిలి ఎవరితో బయల్దేరతారో ఒకరు వచ్చి మౌస్ పట్టుకోండి. తక్కినవాళ్లు ఎక్కడ తప్పు పట్టాలో చూస్తూ ఉండండి.