రోమ్‌లో నీళ్ల వెంట ఒక రోజు

శ్రోతలకు నమస్కారం.

ఒంటరిగా దేశం దాటడం నాకు అదే మొదటిసారి. బయల్దేరేటప్పుడు అమ్మ ఒకటే మాట చెప్పింది: "నీళ్లు జాగ్రత్త, ఎక్కడపడితే అక్కడ తాగకు." రోమ్‌లో తెర్మిని స్టేషన్‌లో రైలు దిగేసరికి ఉదయం తొమ్మిదయింది. భాష రాదు, తెలిసిన మొహం లేదు. పాస్‌పోర్టు ఉందో లేదోనని బ్యాగు జిప్పు ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. ఆ టెన్షన్‌కి నోరు ఎండిపోయింది.

సామాను గదిలో పెట్టి సందులోకి వచ్చాను. మలుపులో నడుమెత్తు ఇనుప దిమ్మె, దాని గొట్టంలోంచి నీళ్లు ధారగా పోతున్నాయి. వీధి కుళాయి అలా కారుతుంటే మనం ఊరుకోం కదా, నా చెయ్యి కూడా కట్టేయడానికే వెళ్లింది. తిప్పడానికి ఏమీ లేదు! కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగి, గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టింది. గొట్టం పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్మాయి. అలా తాగమని సైగ చేసి, "నజోనే" అంది. అంటే పెద్ద ముక్కు. 1874 నుంచి రోమ్ వీధుల్లో ఇవి ఉన్నాయి, ఇప్పుడు 2,500 దాకా ఉంటాయి. వంగి తాగాను. పళ్లు జివ్వుమన్నాయి. కొలోసియం రేపు చూడొచ్చు, ఇవాళ నీళ్ల వెంటే తిరుగుదామని అక్కడే అనుకున్నాను.

ముందు స్పానిష్ మెట్లు. అందరూ 135 మెట్ల పైకి చూస్తుంటే నేను కిందనున్న రాతి పడవ ఫౌంటెన్ దగ్గర ఆగిపోయాను. దాన్ని 1620ల చివర్లో పియెత్రో బెర్నీని చేశాడు. అక్కడికొచ్చే నీటికి ఒత్తిడి తక్కువ, పైకి ఎగజిమ్మదు. అందుకని పడవను నేల మట్టానికి దిగువన, సగం మునిగినట్టు పెట్టాడు. అంచుల మీదుగా నీళ్లు మెల్లగా ఒలుకుతుంటాయి. లోపాన్నే అందంగా మార్చిన ఆ తెలివికి నిజంగా దండం పెట్టాలనిపించింది.

అక్కడినుంచి త్రేవీ ఫౌంటెన్ పది నిమిషాల నడక. నికోలా సాల్వి 1732లో పని మొదలుపెట్టాడు. 1762లో అది పూర్తయ్యేనాటికి ఆయన లేడు. జనం తమ భుజాల మీదుగా వెనక్కి నీళ్లలోకి నాణేలు విసురుతున్నారు. ఆ డబ్బు ఏరి పేదల సాయానికి ఇస్తారు. నేనూ ఒకటి విసిరాను. రోమన్ల వెండి నాణేలు మన నల్గొండ జిల్లా నేలలో దొరికాయని చదివాను, అది గుర్తొచ్చింది. పైన గోడ మీద చెక్కిన బొమ్మ చూశాను. ఒక అమ్మాయి సైనికులకు నీటి ఊటను చూపిస్తోంది. ఆ కథ వల్లే ఈ ఫౌంటెన్‌కు నీళ్లు తెచ్చే పాత రోమన్ కాలువకు ఆక్వా విర్గో, కన్య నీరు అని పేరు. దాదాపు 20 కిలోమీటర్లు, చాలావరకు భూమి లోపలే, మోటార్లు లేకుండా కేవలం వాలు మీద పారేలా క్రీస్తుపూర్వం 19లో తవ్వించారు. దెబ్బతిన్నప్పుడల్లా బాగుచేసుకుంటూ వచ్చారు. పొద్దున చూసిన పడవలోనూ ఆ నీళ్లే.

మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. పాత రోమన్ గుడి పాంథియన్‌లోకి వెళ్లాను. గుమ్మటం నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పున గుండ్రటి ఖాళీ, మూత లేదు. వాన సన్నటి తెరలా నేరుగా పాలరాతి నేల మీద పడుతోంది. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంది, చిన్న చిన్న రంధ్రాలున్నాయి, నీళ్లు వాటిలోకి ఇంకిపోతున్నాయి. కడ్డీలు లేని కాంక్రీటుతో కట్టిన 43 మీటర్ల గుమ్మటం అది. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్లుగా నిలబడే ఉంది. ఎంతసేపు మెడ పైకెత్తి చూశానో!

బయటికొచ్చి స్తంభాల పైన పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అగ్రిప్ప. ఇప్పుడున్న భవనం హాడ్రియన్ చక్రవర్తి నాటిదే అయినా, మొదట అక్కడ గుడి కట్టించిన అగ్రిప్ప, అంటే ఆగస్టస్ చక్రవర్తి సేనాని, పేరునే ఉంచారు. కన్య నీటిని ఊళ్లోకి తెచ్చింది కూడా ఆయనే. పాంథియన్ పక్కనే తాను కట్టించిన స్నానశాలల కోసం తెచ్చాడు. పొద్దుటినుంచి నేను తిరిగింది ఆయన నీళ్ల వెంటేనన్నమాట! వానలో అలాగే నిలబడిపోయాను.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "తిన్నావా" అనకుండానే అడిగింది, "నీళ్లు మంచివి దొరుకుతున్నాయా?" అని.

"దొరుకుతున్నాయమ్మా. అగ్రిప్ప అని ఒకాయన ఉండేవాడు..." అని మొదలుపెట్టాను.