పదహారో ఏట చేతికొచ్చే కాగితం

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పదహారేళ్ల పిల్లలుంటే ఏ గోల వినిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. టెన్త్ మార్కులు, ఇంటర్‌లో ఏ గ్రూపు, ఆ ఫోను కాస్త పక్కన పెట్టరా బాబూ. ఇజ్రాయెల్‌లో, పాలస్తీనాలో కూడా ఈ గోల ఉంటుంది. కాకపోతే ఆ వయసులో అక్కడి పిల్లల చేతికి ఒక కాగితం కూడా వస్తుంది.

వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనా కుర్రాడికి 16 ఏళ్లు నిండితే గుర్తింపు కార్డు ఇస్తారు. ఆకుపచ్చ అట్టలో ఉంటుంది, ‘హవియ్య’ అంటారు. ఇక అది జేబులో లేకుండా ఊరు దాటడం కష్టం. రమల్లా నుంచి జెరూసలేం పట్టుమని 15 కిలోమీటర్లు. మధ్యలో ఇజ్రాయెల్ సైన్యం నడిపే కలందియా చెక్‌పోస్టు. మనిషి ఒక్కడే పట్టే ఇనుప గేట్లు గిర్రున తిరుగుతాయి, లోపలివాళ్లు ఆపితే ఆగిపోతాయి. పర్మిట్ లేకపోతే అవతలికి వెళ్లడం కుదరదు. తమాషా ఏమిటంటే, చెక్‌పోస్టుకి అరబిక్‌లో మాట ఉన్నా అక్కడి కుర్రాళ్ల నోట్లో ఆడేది ‘మహ్సోమ్’ అన్న హీబ్రూ మాటే.

ఇజ్రాయెల్‌లో చాలా యూదు కుటుంబాల పిల్లలకు దాదాపు అదే వయసులో సైన్యం నుంచి పిలుపు వస్తుంది. దాని పేరు ‘త్సావ్ రిషోన్’, అంటే మొదటి ఆదేశం. 18 నిండాక యూనిఫాం. అబ్బాయిలకు రెండున్నరేళ్లకు పైనే, అమ్మాయిలకు రెండేళ్లు. అంటే కలందియాలో అద్దం వెనక కూర్చున్నవాడికి 19 ఉండొచ్చు, బయట కార్డు చూపించేవాడికి 17. ఇద్దరికీ మీసాలు సరిగా రాలేదు. అలాగని ఇద్దరి పరిస్థితీ ఒకటేనని నేననను. తుపాకీ ఒకడి దగ్గరే ఉంది.

గాజాకి ఆనుకుని స్దెరోత్ అనే ఇజ్రాయెల్ ఊరుంది. గాజా నుంచి రాకెట్ వస్తోందని సైరన్ మోగితే దాక్కోవడానికి సుమారు 15 సెకన్లు. అందుకే అక్కడ బస్‌స్టాపులే కాంక్రీటు గదులు. హెచ్చరికలో మొదట ‘ఎర్రని వేకువ’ అనేవారు. వేకువ అని అర్థమొచ్చే పేరున్న ఓ చిన్నపిల్ల బాధపడితే ‘ఎరుపు రంగు’ అని మార్చారు. పేరు మారింది, సైరన్ మాత్రం ఆగలేదు. 2023 అక్టోబర్ 7న అదే ప్రాంతంలో, రెయిమ్ దగ్గర మ్యూజిక్ ఫెస్టివల్ మీద పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ దాడి చేస్తే 350 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కుర్రకారే.

ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో పోయిన ప్రాణాలు పదుల వేలల్లో ఉన్నాయి. బడులు చాలావరకు దెబ్బతిన్నాయి, కొన్ని కూలిపోయాయి, మిగిలినవాటిలో ఇళ్లు పోయినవాళ్లు తలదాచుకున్నారు. అక్కడ ‘తౌజిహి’ అంటే మన ఇంటర్ లాంటి పరీక్ష. రిజల్ట్స్ రోజు టపాసులు కాలుస్తారు, మిఠాయిలు పంచుతారు. 2024లో గాజాలో సుమారు 39,000 మంది ఆ పరీక్ష రాయలేకపోయారు. 2025 జూలైలో సుమారు 1,500 మందికి ఆన్‌లైన్‌లో పెట్టారు. కరెంటు లేనిచోట ఆన్‌లైన్ పరీక్ష! కొందరు గుడారాల్లో కూర్చున్నారు, కొందరు నెట్ దొరికే కెఫే వెతుక్కుని వెళ్లారు. చేతిలో ఫోను, అందులోనే ప్రశ్నపత్రం.

ఆ ఫోను పక్కన పెట్టమని ఆ రోజు వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.